సుభద్ర మేడం పట్టికలో ఆరు గళ్ళు

సుభద్ర మేడం వేసిన పట్టికలో తప్పు ఆవిడది కాదు, నాది. ఈ ఒక్క మాట చెప్పడానికి నాకు ఎనిమిదేళ్ళు పట్టింది. సందర్భాలు రాక కాదు. ఇల్లు కొంటున్నానని ఆవిడే వచ్చి చెప్పినప్పుడు వచ్చింది, ఆసుపత్రిలో ఆవిడ మంచం పక్కన నిలబడ్డప్పుడు వచ్చింది, ఆవిడను నలుగురూ ఎగతాళి చేస్తున్నప్పుడు వచ్చింది. ప్రతిసారీ నోరు తెరిచాను. ప్రతిసారీ వేరే మాటేదో మాట్లాడాను.

మొన్నటి వానలకు గుంటూరులో మా ఆఫీసు కప్పు కారి, బీరువా అడుగు అరలో ఫైళ్ళన్నీ తడిశాయి. మర్నాడు ఎండ కాయగానే వాటిని డాబా మీద పరిచి, కాగితాలు ఎగరకుండా ఇటుకముక్కలు పెట్టాం. తడిసిన కాగితం ఎండలో ఆరేటప్పుడు ఒక వాసన వస్తుంది. పాత జిగురు, బూజు, పులిసిన గంజి కలిసినట్టుంటుంది. ఒక ఫైలు తిప్పి వేస్తుంటే ఆ వాసన ముక్కుకు తగిలింది. ఫైలు అలాగే పట్టుకుని పిట్టగోడ మీద కూలబడ్డాను. అటెండరు కంగారుపడి, "ఏంటి సార్, ఎండదెబ్బా? మంచినీళ్ళు తేనా?" అన్నాడు. ఎండదెబ్బ కాదు. ఆ వాసన నాకు అంతకుముందు ఒకే ఒక్కసారి తగిలింది. సుభద్ర మేడం ముప్పై ఏళ్ళపాటు రాసుకున్న నోటు పుస్తకాలను ఆవిడ కొత్త ఇంటి డాబా మీద ఈ చేతులతోనే ఆరబెట్టిన రోజున. ఆ ఆదివారమే తెనాలి బస్సెక్కాను.

ఆవిడను చూడని వాళ్ళకు ముందు ఆవిడ ఎవరో చెప్పాలి. తెనాలిలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో మేడం స్టాటిస్టిక్స్ చెప్పేవారు. నేను అదే కాలేజీలో కంప్యూటర్ ఆపరేటర్ని. మేడం బక్కపలచటి మనిషి. ఎండైనా వానైనా ఒకటే నల్ల గొడుగు. భుజానికి గుడ్డ సంచి, అందులో పొడవాటి నోటు పుస్తకం, దానికి దారంతో కట్టిన పెన్సిలు. పెళ్ళి చేసుకోలేదు. ఎవరైనా ఆ మాటెత్తితే, "నాకు కుదిరే సంబంధం శాంపిల్‌లో పడలేదండీ" అని నవ్వించి తప్పించుకునేవారు. నాకు డిగ్రీ లేదని కాలేజీలో మిగతా వాళ్ళు నన్ను టైపు కొట్టే యంత్రంలా చూస్తే, ఆవిడ మాత్రం ప్రతి పట్టికా నా ముందు పెట్టి, "ప్రసాదూ, ఇందులో నీకు అనుమానంగా ఉన్న అంకె ఏది?" అని అడిగేవారు. అంకెను అనుమానించవచ్చని నాకు తెలిసింది అప్పుడే. ఇవాళ గుంటూరులో నేను చేస్తున్న ఉద్యోగం ఆ ప్రశ్న పెట్టిన భిక్ష.

ఆవిడ రిటైరయ్యే ఏడాది ఒక వాదన మొదలైంది. పొద్దున్నే నడకకు వచ్చేవాళ్ళు కాలేజీ గేటు ఎదుట టీ బడ్డీ దగ్గర చేరేవారు. వాళ్ళలో బాపట్ల నుంచి వచ్చి స్థిరపడ్డ కోటేశ్వరరావు గారు పెద్ద గొంతు మనిషి.

"రిటైరయ్యాక ఉంటే బాపట్లలో ఉండాలండి. సాయంత్రం సముద్రపు గాలి తగిలితే బి.పి. దానంతటదే దిగుద్ది" అన్నాడాయన ఒకరోజు.

"దిగుద్ది సరే బాబాయ్ గారూ, మరి మీరు తెనాల్లో ఏం చేస్తున్నారు?" అన్నాడు టీ కాచే మనిషి.

ఇంకొకాయనది రేపల్లె. కృష్ణ నీళ్ళు, లంకల నుంచి వచ్చే కూరగాయలు, తాజా చేప, ఇవి లేని ఊరు కూడా ఊరేనా అన్నాడు. తెనాలి వాళ్ళు రైళ్ళు, డాక్టర్లు అన్నారు. మేడం టీ గ్లాసు కింద పెట్టి, "నోటితో తేలదండి ఇది. కాగితం మీద తేలుద్దాం" అన్నారు. అందరూ నవ్వారు. ఆవిడ నవ్వలేదు.

అలా మొదలైంది ఆ పని. మూడు ఊళ్ళలో వీధివీధికీ బతకడం ఎంత సుఖమో లెక్కగట్టడం. దానికి గూఢచారులు అక్కర్లేదనేవారు మేడం. అందరికీ అందుబాటులో ఉండి ఎవరూ చదవని కాగితాలు చాలు. జనాభా లెక్కల పుస్తకాలు, నోటీసు బోర్డుల మీద అంటించిన జాబితాలు, నీటి పరీక్షల కాగితాలు, బస్సుల వేళలు, ఆఫీసుల్లో ఫిర్యాదుల రిజిస్టర్లు. ఇవ్వని చోట సమాచార హక్కు కింద అర్జీ. కాగితంలో దొరకనిది వెళ్ళి చూసేవాళ్ళం. "మంచి ఊరంటే కుర్రాడు పరుగెత్తే ఊరు కాదయ్యా. మోకాళ్ళ నొప్పుల మనిషి మందుల షాపుదాకా ఆగకుండా నడవగలిగిన ఊరు" అనేవారు. సెలవు రోజుల్లో ఆవిడ వెంట నేను. మా ఆవిడ, "ఆ మేడంతో తిరిగినన్ని ఊళ్ళు నాతో తిరగలేదు" అని దెప్పేది.

ఒక పొద్దున రేపల్లె ప్యాసింజర్లో కూర్చుని నేను కాగితాలు చదువుతుంటే ఆవిడ పట్టికలో ఎక్కిస్తున్నారు. ఒక వీధి దగ్గర, "దీపాలు?" అన్నారు.

"లేవండి."

"దీపాలు లేవా, కాగితంలో లేవా?"

"కాగితంలో లేవండి."

"మరి లేవంటావేంటి?" అని, ఎదురుగా కూర్చున్న చేపలామె గంప చూపించారు. పైన తడి గోనె కప్పి ఉంది. "అందులో చేపలెన్ని?"

"తెలీదండి."

"సున్నా అని రాయనా?"

నేను జవాబు చెప్పేలోపు చేపలామె అందుకుంది. "సున్నా ఏంటి పంతులమ్మగారూ, పొద్దున్నే బోణీ కాకుండా! గంప నిండుగా ఉంటేనూ!"

పెట్టెలో అందరూ నవ్వారు. మేడం ఆ గడిలో ఒక చిన్న అడ్డగీత గీశారు. "చూసి, లేదని తేలితే సున్నా. చూడకపోతే గీత. సున్నా అనేది ఒక జవాబు ప్రసాదూ. చూడని దానికి జవాబు చెప్పే హక్కు మనకు లేదు." ఆ తరవాత చేపలామెనే అడిగారు, ఏ ఊరు మంచిదమ్మా అని. "ఎక్కడ బిందె తొరగా నిండితే అదే మంచూరు. మాకింకేం తెలుసండీ" అందామె. మేడం ఆ మాటను పుస్తకంలో తేదీతో సహా రాసుకున్నారు.

ఇప్పుడు నా సంగతి. పుస్తకంగా అచ్చు వేయించాలనుకున్న పట్టిక దాదాపు పూర్తయ్యింది. వాన నీళ్ళు నిలుస్తున్నాయన్న ఫిర్యాదులు ఎన్ని అనేది అందులో ఒక వరుస. మూడు ఊళ్ళ అంచుల్లో కొత్తగా వేసిన కాలనీలు ఆరు ఉన్నాయి. అక్కడ అప్పటికి ఇళ్ళు లేచింది తక్కువ, మనుషులు ఉన్నది ఇంకా తక్కువ. మనుషులే లేని చోట ఫిర్యాదు ఎవరు చేస్తారు? రిజిస్టర్లో ఏమీ లేకపోవడంలో ఏ ఆఫీసు తప్పూ లేదు. మేడం తన చేత్తో ఆ ఆరు గళ్ళలో ఆరు అడ్డగీతలు గీశారు. అదే వారం ఆవిడకు కంటి శుక్లం ఆపరేషన్ జరిగింది. చదవకూడదన్నారు. కాగితాల కట్ట నాకిచ్చి, "నేను రాసింది రాసినట్టు ఎక్కించు. ప్రూఫు నేను చూడలేను, నా కళ్ళు నువ్వే" అన్నారు.

ఆ మధ్యాహ్నం కాలేజీలో నేనొక్కడినే. మర్నాటి పొద్దుటికి పుస్తకం ప్రెస్సుకు ఇవ్వాలి. మరదలి పెళ్ళికి చీరాల వెళ్ళి చీరలు తేవాలని మా ఆవిడ తయారై కూర్చుని గంటకోసారి ఫోను చేస్తోంది. ఆ ఆరు గీతల దగ్గర కంప్యూటర్ మొత్తం కట్టనని మొరాయించింది. గీత అంకె కాదు కదా. ఆ కాలనీలను వేరే పట్టికగా విడదీయాలి, కింద వివరణ రాయాలి, పేజీలన్నీ మళ్ళీ సర్దాలి. గంటన్నర పని. నేను ఆరు గీతలూ చెరిపి ఆరు సున్నాలు కొట్టాను. మొత్తాలు టకటకా పడ్డాయి. తరవాత సరిచేద్దాం అనుకుని, మూడింటి బస్సుకు చీరాల వెళ్ళిపోయాను.

ఫిర్యాదుల్లేని కాలనీలు పట్టికలో పైకి లేచాయి. వాటిలో ఒకటి ఏకంగా మొదటి స్థానంలో నిలిచింది. అది మూడు ఊళ్ళలో ఏ ఊరిదో రాయను. ఆ ఊరు చేసిన పాపం ఏమీ లేదు. చిన్న హాల్లో పుస్తకం విడుదల పెట్టారు. నల్ల కళ్ళద్దాలతో వచ్చిన మేడం, వేదిక ఎక్కబోయే ముందు పుస్తకం కంటికి దగ్గరగా పెట్టుకుని ఆ పేజీ దగ్గర ఆగారు. నన్ను పక్కకు పిలిచి మెల్లగా అడిగారు.

"ప్రసాదూ, ఇక్కడ గీతలు పెట్టినట్టు గుర్తు నాకు."

వెనక కోటేశ్వరరావు గారు శాలువా మడత విప్పుతున్నాడు. అది నాకు కప్పడానికి. నా జీవితంలో మొదటి శాలువా.

"లేదండి. మీరు సున్నాలే రాశారు" అన్నాను.

ఆవిడ ఒక్క క్షణం నా ముఖంలోకి చూశారు. అబద్ధాన్ని వెతికిన చూపు కాదది. తనలో ఏదో వెతుక్కున్న చూపు. "అవునా? అయితే ఎప్పుడో వెళ్ళి చూసే ఉంటాను. ఆ నెలలో ఎన్ని వీధులు తిరగలేదు!" అని, తనను తానే మందలించుకుంటున్నట్టు, "జ్ఞాపకం కంటే కాగితాన్నే నమ్మాలి" అన్నారు. ఆ సూత్రం నాకు నేర్పింది ఆవిడే. దాన్ని ఆవిడ మీదే వాడాను.

కొన్ని నెలలకు స్వీట్ పొట్లంతో వచ్చారు. ఇల్లు కొంటున్నానన్నారు. ఎక్కడ అని నేను అడగక ముందే చెప్పారు. పట్టికలో మొదటి స్థానంలో నిలిచిన కాలనీలోనే. "ఒక వానాకాలం చూసి కొనకూడదాండీ" అని గొణిగాను. ఆవిడ గట్టిగా నవ్వేశారు. "నా పుస్తకం నేనే నమ్మకపోతే ఇంకెవరు నమ్ముతారయ్యా?" నేను స్వీట్ తిన్నాను. బాగుందన్నాను.

గృహప్రవేశమైన రెండో వానాకాలంలో తుఫాను పట్టింది. ఆ కాలనీ ఒకప్పుడు పల్లపు వరి చేను. పక్క పొలాల రైతుల్లో ఎవరిని అడిగినా చెప్పేవాడు, నీళ్ళు అక్కడికే చేరతాయని. మేమెవరం అడగలేదు. ఇంట్లోకి మోకాలి లోతు నీళ్ళొచ్చాయి. కింద అరలో ఉన్న నోటు పుస్తకాలను ఎత్తబోయి మేడం జారిపడ్డారు. తుంటి ఎముక విరిగింది. పక్కవాళ్ళు వచ్చేదాకా ఆ నీళ్ళలోనే ఉన్నారు.

ఆసుపత్రికి వెళ్ళేసరికి నడక బృందం అంతా అక్కడే ఉంది. "లెక్కల మేడం ఇల్లు లెక్క ప్రకారమే మునిగిందండోయ్" అన్నాడు కోటేశ్వరరావు గారు, ఆవిడకు వినపడేటట్టే. బత్తాయిలు తెచ్చింది కూడా ఆయనే. మేడం ఆయనతో, "నిజమేనండి, ఎక్కడో తప్పాను. చూసుకోవాలి" అన్నారు. తరవాత నాతో, "నేను పెన్సిలుతో రాసిన అసలు కాగితం నీ దగ్గరేమైనా ఉందా ప్రసాదూ? ఎక్కడ తప్పానో తెలియాలి నాకు" అన్నారు. ఆ కాగితం మా ఇంట్లో, మంచం కింద సూట్‌కేసులో ఉంది. ఎందుకు దాచానో, ఎందుకు చింపలేకపోయానో నాకే తెలియదు. "లేదండి. ప్రెస్సులో పోయినట్టుంది" అన్నాను. మర్నాడు ఆ ఇంటికి వెళ్ళి తడిసిన పుస్తకాలన్నీ డాబా మీద ఆరబెట్టాను. అదే నా ప్రాయశ్చిత్తం అనుకున్నాను. చాలా పేజీలు ఒకదానికొకటి అంటుకుపోయాయి. విడదీస్తుంటే చిరిగిపోయాయి. ఆ తరవాత గుంటూరులో ఉద్యోగం వచ్చింది. మేడం ఇచ్చిన సిఫారసు ఉత్తరంతోనే వచ్చింది. మళ్ళీ ఆవిడ ముఖం చూడలేదు.

ఫైళ్ళ వాసన తరిమితే మొన్న ఆదివారం తెనాలి వెళ్ళానన్నాను కదా. ఆ ఇల్లు ఎప్పుడో అమ్మేశారట. మేడం ఇప్పుడు మేనకోడలు లలిత దగ్గర, మేడ మీద పోర్షన్లో ఉంటున్నారు. నేను వెళ్ళేసరికి పడుకుని ఉన్నారు. లలిత నన్ను వంటింటి పక్కన కుర్చీలో కూర్చోబెట్టి కాఫీ పెడుతోంది. గోడ మీద పెద్ద కాగితం అంటించి ఉంది. పెన్సిలుతో గళ్ళు గీసిన పట్టిక. గ్యాసు కట్టాను, కుళాయి కట్టాను, పొద్దుటి మాత్ర వేసుకున్నాను, తలుపు గడియ పెట్టాను. ఒక్కో దాని ఎదుట వరుసగా టిక్కులు. కొన్ని గళ్ళలో ఒకదాని పక్కన ఒకటి మూడు టిక్కులు.

"మేడంకి మరుపు వచ్చిందామ్మా?" అన్నాను.

లలిత కాఫీ గిన్నె దించింది. "అదేనండి విచిత్రం. ఏ మరుపూ లేదు. ఇద్దరు డాక్టర్లకి చూపించాం. బుర్ర మాకంటే బాగా పనిచేస్తోందన్నారు. అత్తే నమ్మదు. తలుపు గడియ పెట్టి, పెట్టానో లేదోనని మూడుసార్లు వెనక్కెళ్ళి చూస్తుంది. బ్యాంకుకి ఒక్కతే వెళ్ళదు. పక్కింటి పిల్లలు లెక్కలు చెప్పమని వస్తే, తప్పు చెప్తానేమోనమ్మా అని పంపించేస్తుంది."

"ఎప్పట్నించి?"

"ఆ పుస్తకం దగ్గర్నించేనండి. గీతలు పెట్టినట్టు కళ్ళకి కట్టినట్టుంది లలితా, కానీ సున్నాలు రాశానట, మరి నా గుర్తుకి విలువేంటి అంటుంది. ఇప్పటికీ వానాకాలం వస్తే ఆ పట్టిక ముందేసుకుని కూర్చుంటుంది, ఎక్కడ తప్పానా అని."

లలిత ఇచ్చిన కాఫీ తాగకుండానే గ్లాసు కింద పెట్టాను. ఆవిడ ఇల్లు ముంచానని, కాలు విరిచానని ఇన్నేళ్ళుగా నాలో నేను ఒప్పుకుంటూనే ఉన్నాను. ఆవిడకు ఆవిడ మీదున్న నమ్మకాన్ని తీసేశానన్న సంగతి ఆ గోడ ముందు కూర్చునే వరకు నాకు తట్టనేలేదు. మూడు ఊళ్ళ వీధులు కాలినడకన తిరిగి కొలిచిన మనిషి, ఆరడుగుల వంటింట్లో తన చేతిని తాను నమ్మలేక టిక్కులు పెట్టుకుంటోంది. మేడం లేవకముందే, మళ్ళీ వస్తానని చెప్పి మెట్లు దిగేశాను. పారిపోయానని లలిత అనుకుని ఉంటుంది. గుంటూరు వెళ్ళి, సూట్‌కేసు తీసి, ఆ కాగితం పట్టుకుని మర్నాడు సెలవు పెట్టి మళ్ళీ వచ్చాను.

నా పనిలో ఇవాళ్టికీ చూడని గడిలో సున్నా కొట్టలేను. గీత పెట్టి, గంట ఆలస్యమైనా కింద వివరణ రాస్తాను. నా కింద పనిచేసే వాళ్ళు, "సార్‌కి సున్నా అంటే భయం" అని నవ్వుకుంటారు. వాళ్ళకు చేపలామె గంప కథ చెబుతాను. శాలువా కథ ఇప్పటిదాకా చెప్పలేదు.

ఈసారి వెళ్ళేసరికి మేడం కిటికీ పక్కన కుర్చీలో ఉన్నారు. పక్కన చేతికర్ర. నన్ను చూసి ముఖం వెలిగింది. "ప్రసాదూ! లావయ్యావేంటి?" అన్నారు. నేను కాగితం ఆవిడ ఒళ్ళో పెట్టాను. కళ్ళజోడు సర్దుకుని చూశారు. వేలు వరుస వెంట దిగుతూ వచ్చి మొదటి గీత దగ్గర ఆగింది. తరవాత రెండో గీత. ఆరూ తడిమారు.

"ఇది నా చేతిరాత."

"అవునండి."

"ప్రెస్సులో పోయిందన్నావు."

"అబద్ధం చెప్పానండి."

"ఆ రోజు ఎక్కడికి పోయావు, అంత తొందరగా?"

"చీరాలండి. మరదలి పెళ్ళి చీరలకి."

ఆవిడ తల పంకించారు. తిట్టలేదు. తిడితే బాగుండునని ఎంత అనిపించిందో. వంటింటి వైపు తిరిగి గట్టిగా పిలిచారు. "లలితా! స్టవ్ కట్టేసి ఇటు రా." ఆ పిల్ల చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడింది. మేడం కాగితాన్ని రెండు చేతులతో గుండెకు పట్టుకుని నాతో అన్నారు.

"ఇప్పుడు చెప్పు. మొత్తం చెప్పు. రేపు నాకు అనుమానం వస్తే లలిత సాక్ష్యం ఉంటుంది."

నేను లేచి నిలబడ్డాను.

"లలితమ్మా, ఆ ఆరు గళ్ళలో గీతలు పెట్టింది మీ అత్తయ్యగారే. చెరిపి సున్నాలు కొట్టింది నేను. అడిగితే, మీరే రాశారని మొహం మీద అబద్ధం చెప్పింది నేను. మేడం, మీ గుర్తు ఏ రోజూ తప్పలేదు. తప్పిందని మిమ్మల్ని నమ్మించాను. నన్ను క్షమించండి."